తీగ అని వెతికితే

పాత చిట్టా పుస్తకం వానలో నానిపోయింది.
ముప్పై ఏళ్ల పియానోలు,
ఎవరిది ఏ అంతస్తు, ఎవరింటి కుక్క కరుస్తుంది,
డబ్బులు రేపిస్తామనేది ఎవరు,
అంతా నీలం సిరా చారై
సంచి అడుగున మిగిలింది.

మా అక్క మనవరాలు తెక్లే
నా ఫోను లాక్కుని ఏదో దింపి చేతిలో పెట్టింది.
"ఇందులో ఏమీ ఉండదు తాతా. తెల్ల కాగితం. అంతే."
రంగులు? లేవు.
అరలు? లేవు.
గంట కొట్టి గుర్తు చేస్తుందా?
"నువ్వు చూస్తే గుర్తు చేస్తుంది."

ఆ మాట నచ్చింది.
అరవై ఎనిమిదేళ్ల వేలితో మొదటి మాట కొట్టాను: రొట్టె.
రొట్ట అని పడింది.
దిద్దలేదు. ఇప్పటికీ రోజూ పొద్దున్నే
పొయ్యి దుకాణం ముందు నిలబడి
రొట్టే కొంటున్నాను, వేడివేడిగా.

విడగొట్టి రాయడం నాకు చేతకాదు.
కిందికి, ఇంకా కిందికి, ఒకటే చీటీ:

   రొట్ట. పెరుగు రెండు సీసాలు, ఖాళీవి తిరిగివ్వాలి.
   సొలొలాకి, లమారా గారు. నడిమి స్వరం దిగజారుతోంది.
   రేడియేటరు పక్కనుంచి జరపమని మళ్ళీ చెప్పాలి. వినరు.
   ఎతేరికి బీపీ మాత్రలు. తెల్ల పెట్టె. నీలం కాదు. కాదు.
   లిఫ్టుకి చిల్లర.

చిల్లర ముఖ్యం.
త్బిలిసీలో కొన్ని లిఫ్టులు
నాణెం మింగితే గాని కదలవు.
మరిచిపోయిన రోజు పనిముట్ల సంచితో తొమ్మిది అంతస్తులు ఎక్కి
పియానో మూత ఎత్తితే
అక్కడా మెట్లే.
నవ్వొస్తుంది, ఊపిరి రాదు.

పని అయ్యాక గడిలో టిక్కు పెడితే
మాట మీద గీత పడి మసకబారుతుంది.
ఎతేరికి అది గిట్టదు.
"మనుషుల పేర్ల మీద అలా గీతలేమిటి, అపశకునం" అంటుంది.
అందుకే పనుల మీదే గీస్తాను,
పేర్లు వదిలేస్తాను.
చీటీ నిండా ఇప్పుడు పనుల్లేని పేర్లు.

ఒక మంగళవారం
సన్న తీగ ఎవరింట్లో తెగిందో ఎంతకీ గుర్తు రాలేదు.
వెతుకు అన్నచోట కొట్టాను: తీగ.

   బడి పియానో, తీగ తెగింది. ఎవరు దూకారో పిల్లలు చెప్పరు.
   ద్రాక్షతీగ, ఫిబ్రవరిలో కత్తిరించాలి. నిచ్చెన జురా దగ్గరుంది.
   బట్టలారేసే తీగ, ఐదు మీటర్లు, తుప్పు పట్టనిది.
   తీగలాంటి గొంతు. ఉత్తరపు కిటికీ. గురువారం వస్తానన్నాను.

చివరిది నేనే రాశానా?
ఏ గురువారం?
ట్రాఫిక్ లైటు దగ్గర నిలబడి
పచ్చ రెండుసార్లు వెళ్ళిపోయేదాకా ఆలోచించాను.

నాతెలా గారు!
నేను మెట్టు నొక్కకముందే ఆ స్వరం సన్నగా పాడే ఆవిడ.
నిరుడు అక్టోబరు.

తలుపు తీసి ఆవిడ ఏమీ అనలేదు.
ఫోను బల్ల పైన గోడ మీద పెన్సిలుతో
"శ్రుతి మనిషి, గురువారం" అని ఉంది.
దాని కింద చిన్న చిన్న నిలువు గీతలు,
వారానికొకటి.
లెక్కపెట్టలేదు, ధైర్యం చాలలేదు.

మూడు గంటలు పట్టింది.
ఒక్కో తీగా బిగిస్తుంటే ఆవిడ పక్కగదిలో
గిన్నెలు సర్దుతూ ముందే పాడేది,
నాకంటే అరక్షణం ముందు, ఒక్కటీ తప్పకుండా.
ఆఖర్న పెన్సిలు తెచ్చి నా చేతికిచ్చింది.
గోడ మీద నేనే కొట్టేశాను.
ఫోనులో టిక్కు పెట్టడం మరిచిపోయాను.

ఇంటికొచ్చేసరికి చీకటి.
ఎతేరి సంచిలో చెయ్యి పెట్టి
నీలం పెట్టె తీసింది.
"రాసుకున్నావుగా?"
రాసుకున్నాను.
"మరి?"
చూడలేదు.

మందుల షాపు తొమ్మిదికి మూస్తారు.
చిల్లర ఉందో లేదో తడుముకుంటూ
మళ్ళీ బూట్లు వేసుకున్నాను.